పెండ్లికుమార్తె చేతిలో ఏ పువ్వు?



పోయిన వేసవిలో మన మందిరంలో జరిగిన ఒక పెండ్లి గురించి కొందరు ఫోను చేసి అడిగారు. "అయ్యగారూ, ఆ అమ్మాయి చేతిలో బొకే లేదట, కనకాంబరాల ఉండ పట్టుకొని నడిచిందట, మీరే ఒప్పుకున్నారట, నిజమేనా?" అని. నిజమే. ఎందుకు ఒప్పుకున్నామో ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకంటే ఇక్కడ రాయడం మేలనుకున్నాం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి. పెండ్లికూతురి పూలు చిన్న సంగతిలా కనబడతాయి గాని, వాటి వెనుక పద్దెనిమిది వందల ఏండ్ల సంఘ చరిత్ర ఉంది. మా సొంత తప్పు కూడా ఒకటి ఉంది.

ముందు ఆ అమ్మాయి సంగతి. పేరు రాయము, మీలో చాలామందికి తెలుసు. వాళ్ళమ్మ రేపల్లె బస్టాండు దగ్గర కనకాంబరాలు మూర లెక్కన అమ్మేది. ఇంటి వెనుక ఉన్న కాస్త జాగాలో కనకాంబరం మొక్కలు, గట్టున మరువం. తెల్లవారకముందే లేచి పూలు కోసి, అరటినార తడిపి మాలలు కట్టి, ఆరున్నరకల్లా గంప ఎత్తుకొని బయలుదేరేది. ఆ గంప మీదే పిల్లను నర్సింగు చదివించింది. 2021లో కరోనా రెండో విడతలో ప్రభువు ఆమెను పిలుచుకున్నాడు. సమాధి చేసే వేళ మేమూ, నలుగురు యౌవనస్థులూ, అంతే. బ్రతుకంతా పూలు కట్టిన మనిషి పెట్టె మీద ఒక్క పువ్వు లేదు. ఆ రోజుల్లో కొట్లన్నీ మూసి ఉన్నాయి.

పిల్లకు తెనాలి సంబంధం కుదిరింది. అబ్బాయి తరఫువారు మంచివారు, తెనాలి పక్క పల్లెలో నిమ్మతోట ఉన్నవారు. పిల్లకు తల్లి లేదు కదా అని బొకే కూడా వారే మాట్లాడేశారు. తెల్ల గులాబీలు, ఆర్కిడ్లు, చుట్టూ ఆకు, శాటిన్ రిబ్బను, మొత్తం మూడువేల ఐదువందలు. తెనాలిని ఆంధ్రా పారిస్ అని ఊరికే అన్నారా! పెండ్లికి మూడు వారాలుండగా ఒక సాయంత్రం ఆ అమ్మాయి పాస్టరేటు అరుగు మీదకు వచ్చి నిలబడింది.

"అయ్యగారూ, ఆ బొకే వద్దని నేను చెప్పలేను. కానీ అమ్మ చెట్లకి ఇంకా పూలు పూస్తున్నాయి. అవి చేత్తో పట్టుకొని మందిరంలోకి వస్తే తప్పవుతుందా అండీ?"

తప్పేమిటమ్మా అనబోయి ఆగిపోయాం. ఆ ప్రశ్న మమ్మల్నే అడగడానికి కారణం ఉంది. అది ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

పదిహేడేండ్ల కిందట, సెమినరీ డిప్లొమా చేతపట్టుకొని కొత్తగా ఈ సంఘానికి వచ్చినప్పుడు, ఒక స్త్రీల కూటంలో మేము మొదటి పేతురు మూడో అధ్యాయమూ మొదటి తిమోతి రెండో అధ్యాయమూ తీసి అలంకరణ మీద గట్టిగా బోధించాం. నగలు, జడలు, పూలు అన్నింటినీ ఒక్క గాటన కట్టాం. మరుసటి ఆదివారం ముందు వరుసలో కూర్చునే ఆ తల్లి కొప్పులో పూలు లేవు. ఆ తరువాత ఏనాడూ లేవు. ఊరందరి తలలకూ పూలు కట్టి అమ్మింది, తన తలలో ఒక్కటి పెట్టుకోలేదు. మా సహధర్మచారిణి, అంటే మీరంతా అమ్మగారు అని పిలిచేవారు, ఒకసారి అడిగితే "అయ్యగారు చెప్పారు కదమ్మా" అన్నదట. అది విని మేము సంతోషించాం కూడా. విధేయత అంటే ఇది అనుకున్నాం.

"రెండు రోజులు ఆగమ్మా, చెబుతాం" అని అమ్మాయిని పంపించి ఆ రాత్రే ఆ రెండు భాగాలూ మళ్ళీ తీశాం. జడలున్నాయి. బంగారం ఉంది. ముత్యాలున్నాయి. మిక్కిలి ఖరీదైన బట్టలున్నాయి. పువ్వులు లేవు. వాటిని అక్కడ చేర్చినది మేమే. అపొస్తలులు హెచ్చరించింది ఆడంబరం గురించి, ఖరీదు గురించి. ఆ లెక్కన మేము మాట్లాడవలసింది మూర ఇరవై రూపాయల కనకాంబరం గురించి కాదు, మూడువేల ఐదువందల బొకే గురించి. పదిహేడేండ్లలో ఎన్నో పెండ్లిండ్లు జరిపించాం, బొకే మీద ఒక్క మాట అనలేదు. అది క్రైస్తవ వివాహంలో ఒక భాగమే అన్నట్టు చూస్తూ ఉండిపోయాం.

చట్టం చూస్తే, 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం సాక్షులు ఇద్దరుండాలంటుంది, ఉదయం ఆరు నుండి సాయంత్రం ఏడు లోపు జరిపించమంటుంది. పువ్వు ఊసు అందులో లేదు. లేఖనంలో లేదు, చట్టంలో లేదు. మరి ఎక్కడిది?

సంఘ చరిత్రలో పువ్వుల మీద పెద్ద గొడవ పెట్టుకున్నవాడు ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి పట్టణపు తెర్తుల్లియను. క్రీ.శ. 211 ప్రాంతంలో రోమా సైన్యంలో చక్రవర్తుల బహుమానం పంచుతున్నారు. సైనికులందరూ తలకు ఆకుల కిరీటం పెట్టుకొని వరుసలో నిలబడ్డారు. ఒక్కడు మాత్రం కిరీటాన్ని చేతిలో పట్టుకొని ఖాళీ తలతో వచ్చాడు. ఏమిటిది అని అడిగితే నేను క్రైస్తవుణ్ణి అన్నాడు. అతణ్ణి చెరసాలలో వేశారు. ఇంత చిన్నదానికి అంత పట్టుదల ఎందుకని తోటి విశ్వాసులే సణిగితే, తెర్తుల్లియను అతని పక్షాన ఒక పుస్తకమే రాశాడు. ఆయన వాదన తమాషాగా ఉంటుంది. దేవుడు పువ్వును చూడటానికి, వాసన పీల్చడానికి చేశాడు. చూపు కన్నులది, వాసన ముక్కుది, తలకు ఈ రెండూ లేవు గనుక పువ్వును తల మీద పెట్టడం సృష్టి క్రమానికే విరోధమట. పెండ్లిలో పెట్టే కిరీటాలనూ ఆయన ఒప్పుకోలేదు, అవి విగ్రహారాధన వైపు లాగుతాయన్నాడు. ఆ కాలంలో దండలూ కిరీటాలూ గుళ్ళకూ దేవతలకూ చెందినవి గనుక ఆయన భయం అర్థం లేనిదేమీ కాదు. కానీ ఒకటి గమనించండి. ఆయన సిద్ధాంతం ప్రకారమే చూస్తే చేతిలో పట్టుకొని చూసుకొనే, వాసన చూసుకొనే పూలకు అడ్డేమీ లేదు!

రెండు వందల ఏండ్లు తిరగకముందే గాలి మారింది. నాలుగో శతాబ్దం చివర అంతియొకయలోనూ ఆ తరువాత కాన్‌స్టాంటినోపుల్‌లోనూ బోధించిన యోహాను క్రిసోస్తొము పెండ్లి కిరీటాలను సంతోషంగా అంగీకరించాడు. కామానికి ఓడిపోకుండా పెండ్లి వరకు నిలబడ్డారు గనుక అది జయ కిరీటం అని అర్థం చెప్పాడు. ఇప్పటికీ గ్రీకు, రష్యా సంఘాలలో పెండ్లి అంటే కిరీటం పెట్టడమే. ఒకే పువ్వు, ఒకే సంఘం, రెండు శతాబ్దాలలో రెండు తీర్పులు. మాలాంటి బోధకులు దీన్ని తరచు గుర్తు చేసుకోవాలి.

మనం చూస్తున్న బొకే మాత్రం అంత పాతది కాదు. స్నానాలు లేని రోజుల్లో ఒంటి వాసన తెలియకుండా పెండ్లికూతుళ్ళు పూలు పట్టుకొనేవారని వాట్సాపులో ఒక కథ తిరుగుతుంది. దానికి గట్టి ఆధారం లేదు, ముందుకు పంపకండి. పువ్వుకొక అర్థం అన్న సరదా యూరపుకు చేరింది తుర్కీ దేశం నుండి. 1717-18లో ఇస్తాంబులులో ఉన్న బ్రిటిషు రాయబారి భార్య మేరీ వర్ట్‌లీ మాంటెగ్యూ, అక్కడివారు మాటలకు బదులు పూలూ పండ్లూ పంపుకొని కబురు చెప్పుకొంటారని ఉత్తరాలలో రాసింది. మశూచి టీకా వంటి పద్ధతిని అక్కడి నుండి ఇంగ్లాండుకు తెచ్చినది కూడా ఈమే. దాని వెనుకే 1819లో పారిస్‌లో షార్లెట్ డి లాటూర్ పేరుతో పువ్వుల భాష అనే పుస్తకం వచ్చింది. ఇంగ్లాండులో అలాంటివి పుట్టలు పుట్టలుగా వచ్చాయి. ఈ పువ్వు ప్రేమ, ఆ పువ్వు విశ్వాసం అని పట్టికలు. ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ పొంతన ఉండదు. ఇప్పుడు దుకాణాల్లో బొకేతో పాటు ఇచ్చే చిన్న కార్డు మీద అర్థాలు ఆ వంశానివే. అద్దె నగ లాంటి అర్థం అది, సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి.

1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి ఆల్బర్టును పెండ్లాడింది. రాచవారు వెండి బంగారు జరీ కట్టే చోట ఆమె తెల్ల పట్టు కట్టింది, తలకు కిరీటం బదులు నారింజ పూత దండ పెట్టుకొంది. తెల్ల బట్టే పెండ్లి బట్ట అనే వాడుక లోకమంతా స్థిరపడింది ఆ తరువాతనే. ఇక్కడ మన గుంటూరు చరిత్ర గుర్తు చేసుకోండి. జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టి అమెరికా వెళ్ళిన ఫాదర్ హయ్యర్, కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆదరణతో గుంటూరులో అడుగు పెట్టింది 1842 జూలై 31న. అంటే రాణిగారి పెండ్లికి రెండేండ్ల తరువాత. తెనాలి, రేపల్లె వైపు లూథరన్లు, బాపట్ల వైపు అమెరికను బాప్తిస్టులు, ఆపైన సాల్వేషన్ ఆర్మీవారు వచ్చారు. వారు సువార్త తెచ్చారు, బడి తెచ్చారు, ఆసుపత్రి తెచ్చారు. ప్రభువుకు స్తోత్రం. దానితో పాటు తమ ఇండ్లలో అప్పుడప్పుడే పాతుకొంటున్న తెల్ల బట్టా, ముసుగూ, పూలగుత్తీ కూడా వచ్చాయి. వారి ఊళ్ళలో అది అలవాటు, మన ఊళ్ళకు వచ్చేసరికి భక్తి అయి కూర్చుంది. కనకాంబరం అన్యాచారమట, కార్నేషను క్రైస్తవమట. ఈ తేడా మేమూ మోశాం.

విక్టోరియా ఇంట్లోనే ఇంకో మొక్క కథ ఉంది, అది మాకు నచ్చింది. 1845లో రాణి జర్మనీ వెళ్ళినప్పుడు ఆల్బర్టు అమ్మమ్మ గోథా పట్టణంలో ఒక చిన్న పూలగుత్తి ఇచ్చింది. అందులో మర్టిల్ రెమ్మ ఉంది. రాణి దాన్ని తెచ్చి వైట్ దీవిలో తమ ఆస్బోర్న్ ఇంటి దగ్గర నాటించింది. 1858లో పెద్ద కూతురు పెండ్లిలో ఆ మర్టిల్ రెమ్మ పట్టుకొంది. అప్పటి నుండి ఆ ఇంటి ఆడపిల్లలు, ఆ ఇంటికి వచ్చిన కోడళ్ళు తరతరాలుగా దాని రెమ్మను గుత్తిలో పెట్టుకొంటూనే ఉన్నారు, 2011లో కేథరీను పెండ్లిలో కూడా. ఎంత డబ్బున్నవారైనా దుకాణంలో కొనలేనిది అమ్మమ్మ ఇచ్చిన మొక్క.

ఈ మర్టిల్ మనకు తెలియనిదేమీ కాదు. మన తెలుగు బైబిలులో దాన్నే గొంజిచెట్టు అన్నారు. జెకర్యా దర్శనంలో ఎర్రని గుర్రమెక్కిన వ్యక్తి నిలబడినది గొంజిచెట్ల నడుమనే. యెషయా 55లో దురదగొండి పోయి మొలిచేది గొంజివృక్షమే. ఎస్తేరు అసలు పేరు హదస్సా, ఆ మాటకు హెబ్రీలో అర్థం గొంజి. తల్లీ తండ్రీ లేని పిల్ల ఆమె, రెండో అధ్యాయంలో చూడండి. అరుగు మీద నిలబడిన మన పిల్ల మాకు ఆ రాత్రి హదస్సాలా గుర్తుకొచ్చింది.

ఇంకో సంగతి. పరమగీతము మొదటి అధ్యాయంలో ప్రియుణ్ణి ఏన్గెదీ తోటలోని కర్పూరపు పూగుత్తులతో పోల్చారని మన అనువాదంలో చదువుతాం. హెబ్రీలో అక్కడున్న మాట కోఫెర్, అంటే గోరింట. పాత ఇంగ్లీషులో గోరింటకు వాడిన మాట కర్పూరానికి దగ్గరగా వినబడుతుంది, ఆ దారిలోనే మనకు కర్పూరం వచ్చి ఉంటుందని మా ఊహ. అంటే పెండ్లి పాటల పుస్తకంలోని పూలగుత్తి మన పెరటి కంచె గోరింటది! చిన్న చిన్న లేత రంగు పూలు, చూపుకు ఏమీ ఉండవు, సాయంత్రం గాలికి వాటి వాసన అరుగు దాకా వస్తుంది. పాస్టరేటు దొడ్డికి కంచె అదే. ఇన్నేండ్లు దాని పక్కనే కూర్చొని పరమగీతము చదివాం.

రెండో రోజు సాయంత్రం అమ్మాయి వచ్చింది. పట్టుకో తల్లీ, తప్పు లేదు అని చెప్పి, ధైర్యం కోసం ఇంకో చరిత్ర కూడా చెప్పాం. 1923 ఏప్రిల్ 26న లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఎలిజబెత్ బోజ్ లయన్ అనే అమ్మాయి పెండ్లి. ఆమె తరువాత రాణి అయింది, మనకు తెలిసిన ఎలిజబెత్ రాణికి తల్లి. ఆమె అన్న ఫెర్గస్ 1915లో ఫ్రాన్సులో లూస్ యుద్ధంలో చనిపోయాడు. అతని పేరు చాలా కాలం సమాధి తెలియని సైనికుల స్మారకం మీదే ఉంది. ఆబీ ద్వారం దాటగానే నేలలో ఒక సమాధి ఉంటుంది, పేరు తెలియని సైనికునిది, 1920లో పెట్టినది. పెండ్లికూతురు లోపలికి వస్తూ అక్కడ ఆగి, చేతిలోని పూలగుత్తి ఆ రాతి మీద ఉంచి, వట్టి చేతులతో బలిపీఠం దగ్గరకు నడిచింది. ఆమె తరువాత ఆ ఇంటి పెండ్లికూతుళ్ళు పెండ్లి అయ్యాక తమ గుత్తిని ఆ సమాధికి పంపడం ఆనవాయితీ అయింది. కూతురు ఎలిజబెత్ పెండ్లి 1947 నవంబరు 20న, మనకు స్వాతంత్ర్యం వచ్చిన మూడు నెలలకు. ఆ రోజు ఫొటోల వేళకు గుత్తి ఎక్కడ పెట్టారో కనబడక తరువాత మళ్ళీ ముస్తాబై ఫొటోలు దిగవలసి వచ్చిందట. రాజుల ఇండ్లలోనూ ఈ కంగారు తప్పదన్నమాట.

మేము నవ్వుతూ చెప్పాం గాని అమ్మాయి నవ్వలేదు. కాసేపు నేల చూసి, "మా అమ్మమ్మకు కూడా సమాధి లేదండీ" అంది.

1977 నవంబరు 19. మన తీరంలో ఆ తేదీ చెబితే చాలు, ఏమిటని అడగరు. దివిసీమ మీద సముద్రం పడింది, ఇటు రేపల్లె, బాపట్ల పల్లెలనూ తుపాను పీకి పారేసింది. బాపట్లలో ప్రాణం కాపాడుకోవడానికి మందిరంలో చేరినవారి మీద ఆ మందిరమే కూలింది. వేలమందిని గుర్తు పట్టకుండానే ఎక్కడివారిని అక్కడ పూడ్చారు, కాల్చారు. ఆ రాత్రి మన పూలమ్మ ఏడేండ్ల పిల్ల. తెల్లవారేసరికి తల్లి లేదు, శవమూ దొరకలేదు.

"అమ్మ ఏటా ఆ రోజు ఒక మూర అమ్మకుండా ఉంచేదండీ. పొద్దుగూకాక తీసుకెళ్ళి కాలువలో వదిలేది. నీళ్ళు సముద్రానికే పోతాయి కదా అనేది." కొంచెం ఆగి అంది, "మీకు చెప్పవద్దంది."

ఆ మాట మేము ఇక్కడ రాయకుండా ఉండవచ్చు. రాయాలనిపించింది. పదమూడేండ్లు ఆ తల్లికి కాపరిగా ఉన్నాం. ఆమె ఇంట్లో ఎన్నిసార్లు ప్రార్థన చేశామో లెక్క లేదు. ఆమె బ్రతుకులో అన్నిటికంటే పెద్ద దుఃఖాన్ని మాకు తెలియకుండా దాచుకోవలసి వచ్చిందంటే, దానికి కారణం సముద్రం కాదు.

అంతటితో మా మనసు తేలిపోయింది గాని పని తేలలేదు. సంఘ పెద్దలలో ఒకాయన, "ఈరోజు చేతిలోకి వచ్చిన పువ్వు రేపు తలలోకి వస్తుంది, మీరే వద్దన్నారు కదా" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. వచ్చే ఆదివారం మేమే దానికి జవాబు చెబుతామన్నాం. చెప్పాం. వాక్యంలో లేనిదాన్ని వాక్యంగా బోధించామని సంఘం ముందు ఒప్పుకొన్నాం. కొందరికి నచ్చలేదు, ఒక కుటుంబం రెండు వారాలు మందిరానికి రాలేదు.

పెండ్లివారితో మాట్లాడటానికి అమ్మాయి మేనమామతో కలిసి రైలెక్కి తెనాలి వెళ్ళాం. దారిలో మేము త్రిపురనేని రామస్వామి చౌదరిగారి గురించి ఆయనకు చెప్పుకొచ్చాం. 1920లలో తెనాలిలో స్థిరపడి, సూతాశ్రమం అని ఇల్లు కట్టుకొని, అర్థం తెలియని మంత్రాల మధ్య పెండ్లి ఏమిటని ఆ కవిరాజు తెలుగులోనే వివాహ విధి రాసి, తానే నిలబడి పెండ్లిండ్లు చేయించాడు. ఆ తరువాతి తరాల్లో ఈ ప్రాంతమంతా దండల పెండ్లిండ్లు నడిచాయి. దండలు మార్చుకొంటే పెండ్లి అయిపోయింది. దైవం విషయంలో ఆయన దారి వేరు, మన దారి వేరు. అయినా పెండ్లిలో పలికే ప్రతి మాటా, పట్టే ప్రతి వస్తువూ ఆ ఇద్దరికీ అర్థం కావాలన్న పట్టుదల మాకు గౌరవమే. అది పుట్టిన ఊరికే వెళ్ళి, మా పిల్ల అర్థం తెలిసిన పువ్వు పట్టుకొంటానంటోంది అని చెప్పబోతున్నాం.

అబ్బాయి తండ్రి కొంచెం నొచ్చుకొన్నారు. అడ్వాన్సు ఇచ్చేశాం అన్నారు. దుకాణం అతనికి ఫోను చేస్తే, కనకాంబరానికి కాడ ఉండదు, గుత్తికి పనికిరాదు, వాసన కూడా లేదు అన్నాడు. అంతా నిజమే. అప్పటిదాకా మంచం మీద పడుకొని వింటున్న అబ్బాయి నాయనమ్మ లేచి కూర్చొంది. ఆమె పుట్టిల్లు బాపట్ల. గోడ మీది తన పెండ్లి ఫొటో దింపమంది. తెల్ల చీర, జాలరు ముసుగు, చేతిలో గుత్తి. "అవి ఏం పూలనుకొన్నారు? నందివర్ధనాలు. పొద్దున్నే ఇరుగుపొరుగు దొడ్లలో కోసుకొచ్చి మా అక్క కట్టింది. అప్పుడు బొకే కొట్లెక్కడివి?" అని, మనవడి వైపు తిరిగి, "గుత్తి కాకపోతే చెండు కట్టండి. చెండుకి కాడెందుకురా?" అంది.

చెండు! మన భాషలో మాట ఉండగా మేము అన్నాళ్ళూ ఉండ, బొకే అంటూ తడుముకొంటున్నాం. పూల ఉండకు చెండు మన పాత పేరు.

బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివిన మన సంఘస్థుడొకాయన ఈ కబురు విని ఇంకో ముచ్చట చెప్పారు. మనం మనవే అనుకొనే బంతి, లిల్లీ అని అమ్మే నేలసంపెంగ, రెండూ మెక్సికో నుండి వచ్చినవట. బొకేల్లో పెట్టే జెర్బెరా దక్షిణాఫ్రికాది. కనకాంబరం మాత్రం దక్షిణ భారతానిదీ సింహళానిదీ, అచ్చంగా మన నేలదే. వానచినుకు తగిలితే దాని ఎండిన కాయ చిటుక్కున పగిలి గింజలు దూరంగా పడతాయి, అందుకే ఒక మొక్క వేస్తే దొడ్డంతా అవుతుంది. పూలమ్మ జాగాలో ఎవరూ నీళ్ళు పోయకపోయినా మూడేండ్లు పూస్తూ ఉండటానికి కారణం అదేనన్నమాట.

పెండ్లి తెల్లవారుజామున స్త్రీల సమాజం వారు ఆరుగురు ఆ జాగాలోకి వెళ్ళి పూలు కోశారు. అరటినారతో దగ్గర దగ్గరగా మాల కట్టి, ఆ మాలను ఉండగా చుట్టి, మధ్య మధ్య మరువం పెట్టారు. పట్టుకోవడానికి కొబ్బరి ఈనెల కట్టకు తెల్ల గుడ్డ చుట్టారు. వాసన లేదన్నారు కదా అని అమ్మగారు పాస్టరేటు కంచె నుండి గోరింట పూగుత్తులు తెచ్చి అడుగున గుచ్చారు. నిమ్మతోటవారు ఊరకే ఉంటారా, అబ్బాయి కోటుకు గులాబీ తీసేసి నిమ్మపూత రెమ్మ పెట్టారు. రాణిగారి నారింజ పూతకు మా తెనాలి జవాబు అనుకొన్నాం లోలోపల. తెల్ల చీర మీద ఆ నారింజ రంగు చెండు ఎంత బాగుందో ఫొటోలు చూసినవారికి తెలుసు. మేనమామ చెయ్యి పట్టుకొని నడిచి వస్తూ ఆ పిల్ల, ఎప్పుడూ వాళ్ళమ్మ కూర్చునే ముందు వరుస దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఎందుకాగిందో మందిరంలో సగం మందికి తెలుసు.

మరునాడు ఉదయం తెనాలి బయలుదేరే ముందు కారును సమాధుల తోట దగ్గర ఆపించింది. చెండు విప్పి, ఒక మూర తుంచి తల్లి సమాధి మీద పెట్టింది. రాత్రంతా నీళ్ళు చల్లి ఉంచారేమో, పూలు వాడలేదు. వేసవి గనుక కాలువలు కట్టేసి ఉన్నాయి, అందుకని అందరం పెనుమూడి దాకా వెళ్ళాం. అక్కడ కృష్ణలో సముద్రపు పోటు తగులుతుంది. ఆటు మొదలయ్యేదాకా ఆగి ఇంకో మూర నీళ్ళలో వదిలింది. మేము ప్రార్థన చేశాం. పెద్ద ప్రార్థనేమీ కాదు, వాళ్ళ అమ్మమ్మ పేరు అడిగి ఆ పేరు దేవుని ఎదుట పలికాం. నలభై ఏడేండ్లకు.

చేతిలో ఇంకా జానెడు మాల మిగిలింది. అమ్మాయి దాన్ని అమ్మగారి చేతికిచ్చి "పెట్టుకోండమ్మగారూ" అంది. పదిహేడేండ్ల కిందటి ఆ కూటంలో అమ్మగారూ కూర్చొని ఉన్నారు. ఆమె మా వైపు చూడలేదు. కొప్పు సర్దుకొని పెట్టుకొన్నారు.